295 పెన్స్ షేరు ఒక్క పెన్నీకి పడిన కథ

బ్రిటన్‌లో చిన్న ఊళ్ళను కలిపిన ఫ్లైబీ విమానాలు ఎలా ఎగిరాయి? ఎందుకు ఆగాయి? చివరికి ఎవరికి ఏం మిగిలింది?

2020 మార్చి 5, గురువారం. ఇంగ్లండులో ఇంకా తెల్లవారలేదు. పెట్టె సర్దుకుని, అలారం పెట్టుకుని పడుకున్నవాళ్ళు లేచి ఫోను చూసుకుంటే ఒకటే వార్త. విమానాలన్నీ రద్దయ్యాయి, వేరే టికెట్టు చూసుకుంటే తప్ప విమానాశ్రయానికి రావద్దని కంపెనీ ప్రకటన. ముందురోజు రాత్రి దాకా తిరిగిన విమానాలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఊదా రంగు వేసుకున్న ఆ విమానాల పేరు ఫ్లైబీ.

ఆ ఉదయం డ్యూటీకి బయలుదేరాల్సిన పైలట్లు, ఎయిర్ హోస్టెస్‌లు, మెకానిక్కులు, కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్ళు అందరూ కలిపి 2 వేల మందికి పైగా ఉన్నారు. కంపెనీ కష్టాల్లో ఉందని వాళ్ళకు తెలుసు. కానీ నిన్న చేసిన డ్యూటీయే ఆఖరి డ్యూటీ అని చాలామందికి ఆ తెల్లవారుజామునే తెలిసింది.

ఎక్కడో ఇంగ్లండులో మూతపడిన విమానాల కంపెనీతో మనకేం పని అనుకోవచ్చు. పని ఉంది. సెలవు మంజూరైన రోజు మనం మొదట వెతుక్కునేది విమానం టికెట్టే. నెలల జీతం దాచి కొన్న టికెట్టు, కంపెనీ మూతపడిన రోజున ఉత్త కాగితం అవుతుంది. ఇక మనం పనిచేసే కంపెనీ సంగతి చెప్పక్కర్లేదు. పెద్ద బోర్డు, పెద్ద ఆఫీసు, పదేళ్ళ పేరు చూసి ఇది ఎక్కడికీ పోదులే అనుకుంటాం. ఫ్లైబీలో పనిచేసినవాళ్ళూ అలాగే అనుకున్నారు. 40 ఏళ్ళు నడిచిన కంపెనీ అది.

దీవిలో పుట్టిన కంపెనీ

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో జెర్సీ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం 118 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఫ్రాన్సు తీరం అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే. ఇంగ్లండు తీరం మాత్రం వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. దీవి జనం పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పిల్లల్ని కాలేజీలో చేర్పించాలన్నా సముద్రం దాటాల్సిందే. ఓడలో వెళితే గంటల తరబడి ప్రయాణం. అందుకే అక్కడ విమానం విలాస వస్తువు కాదు. మనకు మండల కేంద్రానికి పోయే బస్సు ఎలాగో వాళ్ళకు విమానం అలాగ.

1979 నవంబరులో రెండు చిన్న కంపెనీలు కలిసి జెర్సీ యూరోపియన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ ఏర్పడింది. ఒకటి జెర్సీలోని ఇంట్రా ఎయిర్‌వేస్, రెండోది ఇంగ్లండు దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ ఊరి ఎక్స్‌ప్రెస్ ఎయిర్ సర్వీసెస్. మొదట్లో వాళ్ళ విమానాలన్నీ చిన్నవే. దీవికీ దక్షిణ ఇంగ్లండు ఊళ్ళకూ మధ్య తిరగడమే పని.

ఇనుము వ్యాపారి చేతికి

1983లో ఈ కంపెనీని వాకర్‌స్టీల్ అనే ఇనుము వ్యాపార సంస్థ కొన్నది. దాని యజమాని జాక్ వాకర్ ఉత్తర ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ ఊరివాడు. తండ్రి రేకుల పని చేసేవాడు. ఆ చిన్న వ్యాపారాన్ని జాక్, అతని అన్నదమ్ముడు కలిసి బ్రిటన్‌లో పేరున్న ఉక్కు వ్యాపారంగా పెంచారు. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు ఈ పేరు వేరే విధంగా తెలిసే ఉంటుంది. సొంత ఊరి జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొని, డబ్బు గుమ్మరించి, 1995లో ప్రీమియర్ లీగ్ కప్పు గెలిపించింది ఈ జాక్ వాకరే.

వాకర్‌కు అప్పటికే స్పేస్‌గ్రాండ్ అనే మరో చిన్న విమానాల కంపెనీ ఉండేది. 1985లో రెండింటినీ కలిపేశారు. ప్రధాన కార్యాలయాన్ని ఇంగ్లండు నైరుతి మూలనున్న ఎక్సెటర్‌కు మార్చారు. లండన్‌కు దూరంగా ఉన్న ఆ ఊరే చివరి దాకా కంపెనీకి ఇల్లు. అక్కడే హ్యాంగర్లు, అక్కడే మరమ్మతులు, అక్కడే కొత్తవాళ్ళకు శిక్షణ. ఎక్సెటర్ చుట్టుపక్కల ఈ కంపెనీ జీతం మీద నడిచిన ఇళ్ళు వందల్లో ఉండేవి.

వాకర్ వెనుక ఉన్నంతకాలం కంపెనీకి ఒక ధీమా ఉండేది. ఒక ఏడాది నష్టం వచ్చినా ఆదుకునే చెయ్యి ఉందనే ధీమా. 2000 ఆగస్టులో వాకర్ చనిపోయాడు. అదే ఏడాది కంపెనీ పేరు బ్రిటిష్ యూరోపియన్‌గా మారింది. 2002 జులైలో మళ్ళీ మారింది. ఈసారి పెట్టిన పేరే ఫ్లైబీ.

పంకా విమానం

పేరుతో పాటు వ్యాపారం తీరు కూడా మారింది. అప్పటికి ఈజీజెట్, రయనేర్ చౌక టికెట్లతో యూరప్ అంతా దున్నేస్తున్నాయి. జిమ్ ఫ్రెంచ్ నాయకత్వంలో ఫ్లైబీ కూడా చౌక టికెట్ల దారి పట్టింది. అయితే పెద్ద కంపెనీలు పోని ఊళ్ళను ఎంచుకుంది. ఎక్సెటర్, సౌతాంప్టన్, బర్మింగ్‌హాం, బెల్‌ఫాస్ట్, న్యూకాజిల్, ఇన్వర్‌నెస్ వంటి ఊళ్ళ మధ్య లండన్‌తో పనిలేకుండా నేరుగా సర్వీసులు నడిపింది.

ఇందుకు వాళ్ళు నమ్ముకున్న విమానం బొంబార్డియర్ కంపెనీ తయారుచేసిన క్యూ400. రెక్కలకు రెండు పెద్ద పంకాలు, 78 సీట్లు. జెట్ విమానం కన్నా తక్కువ ఇంధనం తాగుతుంది. పొట్టి రన్‌వే చాలు. ఈ విమానం మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. 2011లో స్పైస్‌జెట్ ఇదే రకం విమానాలు తెప్పించి, హైదరాబాదును కేంద్రంగా పెట్టుకుని తిరుపతి, విజయవాడ, రాజమండ్రి వంటి ఊళ్ళకు నడిపింది. శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి పంకా విమానంలో సొంత జిల్లాకు పోయినవాళ్ళకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది.

చిన్న ఊళ్ళ జనానికి ఈ సర్వీసులు ఎంత అవసరమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నుంచి ఇంగ్లండు పోవాలంటే మధ్యలో సముద్రం. ఓడ, రైలు పట్టుకుంటే రోజంతా పోతుంది. ఫ్లైబీలో గంట. వారమంతా ఇంగ్లండులో పనిచేసి శనాదివారాలు ఇంటికి పోయివచ్చే కూలీలు, ఉద్యోగులు ఎందరో ఈ విమానాల మీదే ఆధారపడ్డారు. రెండోది మాన్ దీవి. అక్కడి ఆసుపత్రిలో దొరకని వైద్యం కోసం లివర్‌పూల్ వెళ్ళే రోగులకు ఈ విమానమే దిక్కు.

పెట్టెకు పైసలు, సీటుకు నటులు

సామాను విషయంలో మనం ఎంత పట్టింపుగా ఉంటామో తెలిసిందే. కిలో ఎక్కువైతే కౌంటర్ దగ్గర పెట్టె విప్పి, పాల పొడి డబ్బా చేతి సంచిలోకి మార్చి, మళ్ళీ తాడు కట్టుకునే వాళ్ళం. టికెట్టులో కలిసి ఉండే సామాను ఛార్జీని విడదీసి, విమానం కింద వేసే ప్రతి పెట్టెకూ వేరుగా డబ్బు వసూలు చేసిన తొలి కంపెనీల్లో ఫ్లైబీ ఒకటి. 2006లో ఇది మొదలైంది. ముందే కడితే తక్కువ, విమానాశ్రయంలో కడితే ఎక్కువ. జనం తిట్టుకున్నారు. కానీ కొద్ది కాలంలోనే మిగతా చౌక కంపెనీలూ అదే బాట పట్టాయి. ఇప్పుడు మనం పెట్టెకు వేరే డబ్బు కట్టే పద్ధతి అలాంటి ప్రయోగాల నుంచి వచ్చిందే.

2008లో జరిగిన ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది. ఇంగ్లండు తూర్పున నార్విచ్ విమానాశ్రయం ఫ్లైబీతో ఒక ఒప్పందం చేసుకుంది. డబ్లిన్ సర్వీసులో ఏడాదికి 15 వేల మంది ప్రయాణికులను తెస్తే 2 లక్షల 80 వేల పౌండ్లు తిరిగి ఇస్తామన్నది ఆ ఒప్పందం. గడువు ముంచుకొచ్చింది. లెక్క చూస్తే ఇంకా కొద్ది మంది తక్కువయ్యారు. ఫ్లైబీ ఏం చేసిందంటే, డబ్బులిచ్చి నటులను పిలిపించింది. ప్రయాణికుల్లాగా విమానం ఎక్కి డబ్లిన్ పోయి రావడమే వాళ్ళ పని. సంగతి పేపర్లకెక్కింది. దేశమంతా నవ్వుకుంది.

నవ్వుకుని వదిలేయదగ్గ సంగతి కాదు ఇది. సీట్లు నింపడం ఎంత కష్టంగా ఉందో అప్పుడే బయటపడింది. చిన్న ఊరి విమానం అసలు సమస్య అదే.

పెరిగిందే పెరుగుట

అంతకు ముందే కంపెనీ ఒక్కసారిగా రెండింతలైనంత పని జరిగింది. 2007 మార్చిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు చెందిన ప్రాంతీయ విభాగం బీఏ కనెక్ట్‌ను ఫ్లైబీ తీసుకుంది. ఆ విభాగం నష్టాల్లో ఉంది. దాన్ని వదిలించుకోవడానికి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎదురు డబ్బు పెట్టింది. బదులుగా ఫ్లైబీలో 15 శాతం వాటా తీసుకుంది. దాంతో యూరప్‌లోనే పెద్ద ప్రాంతీయ విమానాల కంపెనీల్లో ఒకటిగా ఫ్లైబీ నిలబడింది. ఎదురు డబ్బిచ్చి ఎవరైనా మనకు ఎద్దును అప్పజెబితే, ముందు దాని పళ్ళు చూడాలి. ఆ తొందరలో అది ఎంతమందికి తోచిందో మరి.

2010 ఫ్లైబీకి పెద్ద ఏడాది. ఆ జులైలో బ్రెజిల్‌కు చెందిన ఎంబ్రేయర్ కంపెనీకి 35 కొత్త జెట్ విమానాలు ఆర్డరు ఇచ్చింది. కావాలనుకుంటే మరో 100కు పైగా తీసుకునే వీలు కూడా రాయించుకుంది. డిసెంబరులో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లు అమ్మింది. ఒక్కో షేరు ధర 295 పెన్స్, అంటే దాదాపు 3 పౌండ్లు. పెన్షన్ డబ్బులు చూసుకునే పెద్ద సంస్థల నుంచి మామూలు జనం దాకా కొన్నారు. 2011లో ఫిన్‌లాండ్‌కు చెందిన ఫిన్నేర్‌తో కలిసి ఉత్తర దేశాల్లో కూడా ఒక కంపెనీ పెట్టింది. అందులో ఫ్లైబీ వాటా 60 శాతం.

పైకి చూస్తే అంతా పెరుగుదలే. లోపల లెక్క తప్పుతోంది.

లెక్క ఎక్కడ తప్పింది?

విమానం లెక్క మన జీపు లెక్కలాంటిదే. ఊరికి తిరిగే జీపు ఓనర్ను అడిగి చూడండి. డ్రైవరు జీతం, డీజిలు, ఫైనాన్సు కిస్తీ సీట్లు నిండినా అంతే, సగం ఖాళీగా పోయినా అంతే. మొదటి పది మంది ఛార్జీ ఖర్చులకు పోతుంది. చివర ఎక్కిన ఇద్దరు ముగ్గురి డబ్బులే మిగులు. 78 సీట్ల విమానానికీ అదే సూత్రం. చిన్న ఊరిలో ఆ చివరి సీట్లు నిండవు. టికెట్టు ధర తగ్గిస్తే ఖర్చులు రావు, పెంచితే జనం కారో రైలో చూసుకుంటారు.

దీనికి తోడు మూడు దెబ్బలు పడ్డాయి.

మొదటిది పన్ను. బ్రిటన్‌లోని విమానాశ్రయం నుంచి బయలుదేరే ప్రతి ప్రయాణికుడి మీదా ప్రభుత్వం ప్రయాణ పన్ను వేస్తుంది. 2020 నాటికి దగ్గరి ప్రయాణానికి మామూలు సీటుకు 13 పౌండ్లు. లండన్ నుంచి స్పెయిన్ పోయి వచ్చేవాడు బయలుదేరేటప్పుడు ఒక్కసారే కడతాడు, తిరుగు ప్రయాణం స్పెయిన్‌లో మొదలవుతుంది కాబట్టి. బెల్‌ఫాస్ట్ నుంచి బర్మింగ్‌హాం పోయి వచ్చేవాడు రెండు వైపులా కట్టాలి. అంటే 26 పౌండ్లు. విహారానికి విదేశం పోయేవాడి కన్నా పని మీద పక్క ఊరు పోయేవాడికి రెట్టింపు పన్ను పడింది. 40, 50 పౌండ్లకు టికెట్లు అమ్మే కంపెనీకి ఇది చిన్న బరువు కాదు.

రెండోది డాలరు. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రూపాయి పడితే మనం పంపే డబ్బు ఇంట్లో పెరుగుతుంది. ఫ్లైబీకి జరిగింది దీనికి వ్యతిరేకం. ఆదాయం పౌండ్లలో వచ్చేది. ఇంధనం, విమానాల అద్దెలు, విడిభాగాలు డాలర్లలో కట్టాలి. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు రావాలని బ్రిటన్ జనం ఓటు వేశారు. వెంటనే పౌండు విలువ పడిపోయింది. కంపెనీ ఏ తప్పూ చేయకుండానే ఖర్చు పెరిగింది.

మూడోది సొంతంగా తెచ్చుకున్నది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత బ్రిటన్ లోపలి ప్రయాణాలు తగ్గాయి. అలాంటి సమయంలో కొత్త జెట్లకు ఆర్డరు ఇచ్చారు. 35లో 11 వచ్చాక ఇక మోయలేమని తెలిసింది. 2014లో కొత్త ఒప్పందం చేసుకుని, మిగతా జెట్లలో చాలావాటికి బదులు అమెరికాలో వాడిన 24 క్యూ400లను తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆర్డరు రద్దు జరిమానా తప్పింది కానీ, నింపడానికి జనం లేని విమానాలు మరిన్ని వచ్చి చేరాయి. నిలబెట్టి ఉంచినా అద్దె మాత్రం ఆగదు.

ఒక్కొక్కటే అమ్ముకుంటూ

2013 నుంచి కంపెనీ ఇంట్లో సామాను అమ్ముకుని బతికే స్థితికి వచ్చింది. లండన్ గాట్విక్ విమానాశ్రయంలో విమానాలు దిగడానికి, లేవడానికి తనకున్న సమయాలను 2 కోట్ల పౌండ్లకు ఈజీజెట్‌కు అమ్మేసింది. అదే ఏడాది జిమ్ ఫ్రెంచ్ స్థానంలో సాద్ హమ్మాద్ వచ్చారు. ఖర్చులు తగ్గించాలంటూ వందల ఉద్యోగాలు తీసేశారు. 2014 నవంబరులో ఫిన్‌లాండ్ కంపెనీలో తన వాటాను వదిలించుకోవడానికి ఒప్పందం కుదిరింది. ధర ఎంతో తెలుసా? ఒక్క యూరో.

2016లో హమ్మాద్ వెళ్ళిపోయారు. 2017 మొదట్లో క్రిస్టీన్ ఊర్మియేర్ విడెనర్ వచ్చారు. విమానాలు తగ్గించడం మొదలుపెట్టారు. కానీ ఆలస్యమైంది. 2018 నవంబరులో కంపెనీని అమ్మకానికి పెట్టారు.

2019 జనవరిలో వర్జిన్ అట్లాంటిక్, స్టోబార్ట్ గ్రూపు, సైరస్ క్యాపిటల్ కలిసి కొనడానికి ముందుకొచ్చాయి. వాళ్ళు చెప్పిన ధర షేరుకు ఒక్క పెన్నీ. మొత్తం కంపెనీకి 22 లక్షల పౌండ్లు. ఎనిమిదేళ్ళ కింద 295 పెన్స్ పెట్టి షేరు కొన్నవాడికి చేతికొచ్చేది ఒక్క పెన్నీ. షేరుదారులు గొడవ చేశారు. కానీ ఇదీ లేకపోతే మూతే అన్నారు. చివరికి అమ్మకం జరిగిపోయింది.

కొత్త యజమానులు డబ్బు పెడతామన్నారు. 2019 అక్టోబరులో కంపెనీ పేరు వర్జిన్ కనెక్ట్‌గా మారుస్తామని ప్రకటించారు. ఉద్యోగులకు ఊపిరొచ్చింది. వర్జిన్ అంటే పెద్ద పేరు కదా.

ఆఖరి 8 వారాలు

ఆ ఊపిరి 3 నెలలే. 2020 జనవరిలో ఫ్లైబీ దగ్గర డబ్బు అయిపోయిందన్న వార్త బయటికొచ్చింది. జనవరి 14న ప్రభుత్వం, యజమానులు ఒక అవగాహనకు వచ్చారు. యజమానులు ఇంకొంత పెట్టుబడి పెడతారు. కంపెనీ కట్టాల్సిన ప్రయాణ పన్ను బకాయికి ప్రభుత్వం గడువు ఇస్తుంది. బ్రిటన్ లోపలి ప్రయాణాల పన్నును మళ్ళీ పరిశీలిస్తుంది. 10 కోట్ల పౌండ్ల అప్పు సంగతి కూడా మాట్లాడుకున్నారు.

దీని మీద పోటీ కంపెనీలు మండిపడ్డాయి. డబ్బున్న యజమానులు ఉండగా జనం సొమ్ముతో ఆదుకోవడమేమిటని బ్రిటిష్ ఎయిర్‌వేస్ మాతృసంస్థ, రయనేర్ నిలదీశాయి. వాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు. అటు చూస్తే, ఈ కంపెనీ పోతే చిన్న ఊళ్ళకు దిక్కేమిటన్న ప్రశ్న. అప్పటికి బ్రిటన్ లోపల తిరిగే విమాన సర్వీసుల్లో దాదాపు 40 శాతం ఫ్లైబీవే. ఏడాదికి సుమారు 80 లక్షల మంది ఎక్కేవారు. సౌతాంప్టన్, ఎక్సెటర్, బెల్‌ఫాస్ట్ సిటీ విమానాశ్రయాల్లో ఎక్కువ భాగం విమానాలు వీళ్ళవే.

అప్పు మాటలు తేలకముందే కరోనా వచ్చింది. బుకింగులు పడిపోయాయి. ప్రభుత్వం అప్పు ఇవ్వలేదు. యజమానులు ఇక డబ్బు పెట్టలేమన్నారు. మార్చి 5 తెల్లవారుజామున అంతా ముగిసింది.

కరోనాయే చంపిందని చాలామంది రాశారు. అది సగం నిజం. పదేళ్ళుగా మంచం పట్టిన మనిషికి ఆఖర్న తగిలిన జ్వరం అది.

ఎవరికి ఏం మిగిలింది?

కంపెనీ దివాలా తీస్తే ఉన్న ఆస్తులు అమ్మి అప్పులు తీరుస్తారు. అందులో వరస ఉంటుంది. తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చినవాళ్ళు, దివాలా వ్యవహారం చూసే అధికారుల ఖర్చులు ముందు. ఉద్యోగుల జీతం బకాయిలో చిన్న మొత్తానికి మాత్రమే ముందు వరస దొరుకుతుంది. టికెట్టు కొన్న ప్రయాణికుడు, సరుకు సప్లై చేసిన చిన్న వ్యాపారి వరసలో చివర నిలబడతారు. తమ వంతు వచ్చేసరికి గిన్నెలో అడుగు కనబడుతుంది.

అయితే బ్రిటన్‌లో ఉద్యోగులకు ఒక ఆసరా ఉంది. జీతాల నుంచి, యజమానుల నుంచి వసూలు చేసే నేషనల్ ఇన్సూరెన్స్ నిధి నుంచి ప్రభుత్వం కొంత చెల్లిస్తుంది. ఎనిమిది వారాల దాకా జీతం బకాయి, రెండేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయినందుకు పరిహారం ఇస్తారు. వారానికి ఇంతకు మించి ఇవ్వరాదని పరిమితి ఉంది కాబట్టి ఎక్కువ జీతమున్న పైలట్లకు పూర్తిగా రాదు. కానీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండటానికి ఆ డబ్బు పనికొస్తుంది. ఇలాంటి నిధి ఉన్న దేశంలో కంపెనీ మూతపడటానికీ, లేని చోట మూతపడటానికీ తేడా ఎంతో క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు వివరించి చెప్పాల్సిన పనిలేదు.

ప్రయాణికుల సంగతి మూడు రకాలుగా తేలింది. ట్రావెల్ కంపెనీ దగ్గర హోటలుతో కలిపి ప్యాకేజీ కొన్నవాళ్ళకు ప్రభుత్వ రక్షణ పథకం వర్తించింది. క్రెడిట్ కార్డుతో 100 పౌండ్లకు మించిన టికెట్టు కొన్నవాళ్ళు చట్ట ప్రకారం కార్డు కంపెనీనే అడగవచ్చు. ఫ్లైబీ టికెట్లలో చాలావరకు 100 పౌండ్ల లోపువే. వాళ్ళు బ్యాంకుకు అర్జీ పెట్టుకుని, లావాదేవీ వెనక్కి తిప్పమని బతిమాలుకోవాల్సి వచ్చింది. నగదుగా కట్టినవాళ్ళకు ఆ దారి కూడా లేదు.

ఆ వారం ఒక మంచి పని కూడా జరిగింది. ఫస్ట్ గ్రూపు రైళ్ళు ఫ్లైబీ సిబ్బందిని, టికెట్లున్న ప్రయాణికులను ఉచితంగా ఎక్కించుకున్నాయి. ఎక్కడో ఊరు కాని ఊళ్ళో డ్యూటీ మీద చిక్కుకుపోయిన యూనిఫారం మనుషులు ఆ రైళ్ళలో ఇళ్ళకు చేరారు.

రెండోసారి ఎగిరి, రెండోసారి పడి

కథ అక్కడితో అయిపోలేదు. ఫ్లైబీ పేరును, మిగిలిన ఆస్తుల్లో కొన్నింటిని కొత్తవాళ్ళు కొన్నారు. 2022 ఏప్రిల్ 13న బర్మింగ్‌హాం నుంచి బెల్‌ఫాస్ట్‌కు మళ్ళీ ఫ్లైబీ విమానం లేచింది. అదే క్యూ400, అదే పేరు. పాత ఉద్యోగులు కొందరు తిరిగి వచ్చారు. పది నెలలు కూడా నిండకుండానే, 2023 జనవరి 28 తెల్లవారుజామున, మళ్ళీ అదే ప్రకటన. విమానాశ్రయానికి రావద్దు. ఉన్న 321 మందిలో 270 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి.

2020లో ఫ్లైబీ వదిలిన రూట్లలో కొన్నింటిని స్కాట్లాండ్‌కు చెందిన లోగనేర్ వెంటనే అందుకుంది. కొన్ని ఈస్టర్న్ ఎయిర్‌వేస్‌కు, దీవుల రూట్లు కొన్ని బ్లూ ఐలాండ్స్‌కు పోయాయి. 2025 అక్టోబరులో ఈస్టర్న్ ఆగిపోయింది. నవంబరులో బ్లూ ఐలాండ్స్ ఆగిపోయింది. ఫ్లైబీ పుట్టిన జెర్సీయే బ్లూ ఐలాండ్స్‌కూ కేంద్రం. అంటే తప్పు ఒక్క మేనేజరుదో, ఒక్క కంపెనీదో మాత్రమే కాదు. జనం కొద్దిమంది ఉన్న చోటికి విమానం నడపడమే కష్టమైన బేరం. ఆ ఊళ్ళకు విమానం కావాలంటే ఎవరో ఒకరు ఆ ఖాళీ సీట్ల ఖర్చు భరించాలి. భరించేది ప్రభుత్వమా, యజమానా, ప్రయాణికుడా అనేది తేల్చకుండా నడిపితే చివరకు భరించేది పనివాడు.

మన దగ్గర కూడా ఇది చూశాం. హైదరాబాదు కేంద్రంగా 2015 జులైలో ట్రూజెట్ మొదలైంది. చిన్న ఊళ్ళకు విమానం నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు ఎగిరిన రోజే కడప, హైదరాబాదు మధ్య ట్రూజెట్ ఎగిరింది. కువైట్ నుంచి వచ్చే కడప జిల్లావాళ్ళకు బస్సులో రాత్రంతా కూర్చునే బాధ తప్పింది. 2022లో ఆ కంపెనీ ఆగిపోయింది. గల్ఫుకు ఎన్నో సర్వీసులు నడిపిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. ప్రతిసారీ టికెట్లు చేతిలో పట్టుకుని నిలబడినవాళ్ళలో మన ఊళ్ళవాళ్ళూ ఉన్నారు.

టికెట్టు కొనేముందు

అందుకని భయపడి ఇంటికి పోకుండా ఉండలేం కదా. కొన్ని జాగ్రత్తలు మాత్రం మన చేతిలో ఉన్నాయి. వీలైతే టికెట్టుకు కార్డుతో డబ్బు కట్టండి, స్నేహితుడి కార్డు అయినా సరే. డబ్బు వెనక్కి అడిగే హక్కు ఆ కార్డు వల్లే వస్తుంది. ఏజెంటుకు నగదు ఇస్తే మొత్తం, తేదీ రాసిన రసీదు తీసుకోండి. కంపెనీ టికెట్టు ఇస్తే దాని కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. రెండు విమానాలు మారాల్సి వస్తే రెండూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆగినప్పుడు రెండోది కూడా పోతుంది. ఒక విమానాల కంపెనీ జీతాలు ఇవ్వట్లేదని, విమానాలు వెనక్కి పోతున్నాయని వార్తలు వస్తుంటే, టికెట్టు ఎంత చౌకగా ఉన్నా ఆర్నెల్ల ముందు కొనకండి.

ఫ్లైబీ కథలో ఆ గుర్తులన్నీ కనబడ్డాయి. 2008లో సీట్లలో నటులు కూర్చున్నారు. 2013లో గాట్విక్ సమయాలు అమ్ముడుపోయాయి. 2014లో వాటా యూరోకి పోయింది. 2019లో షేరు పెన్నీకి పడింది. పేపరు చదివేవాళ్ళకు ఇవన్నీ తెలుసు. పై అంతస్తులో కూర్చున్నవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఆ మార్చి ఉదయం అలారం పెట్టుకుని లేచినవాళ్ళకు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న తెలిసింది.